మొహిద్దీన్ గారి నారికురుపు ఉపన్యాసాలు

ఖాజా మొహిద్దీన్ గారిని నేను మొదటిసారి చూసింది 1940 వేసవిలో. గురజాలకు ఏడు మైళ్ల దూరంలో ఉన్న తంగెళ్లపాడు స్కూల్లో మాస్టరుగా చేరి అప్పటికి నాకు ఏడాది కూడా కాలేదు. ఆరోగ్యం మీద ఉపన్యాసం ఇవ్వడానికి మనిషి వస్తున్నాడని, స్కూలు ఆవరణ ఇచ్చి జనాన్ని పోగుచేయమని తాఖీదు వచ్చింది. ఉపన్యాసకుడంటే ఇస్త్రీ కండువా, గంభీరమైన గొంతు ఉంటాయని ఊహించుకున్నాను. తీరా చూస్తే ఎద్దుబండి మీద రెండు చెక్కపెట్టెల మధ్య ముడుచుకుని కూర్చున్న ఒక బక్కపలచని మనిషి దిగాడు. కనురెప్పల దాకా ఎర్రదుమ్ము, నెత్తిన నల్లటోపీ, భుజాన మరచెంబు. దిగగానే అడిగిన మొదటి మాట, ఓ గంట నడుం వాల్చడానికి చోటుందా అని.

ఆయనది నరసరావుపేట. తండ్రి ఇమాం సాహెబ్ రేకుపని చేసేవాడు. డబ్బాలు, గరాటులు, బుడ్డిదీపాలు చేసి అమ్మి, కొడుకును స్కూలు ఫైనలు దాకా చదివించాడు. మొహిద్దీన్ గారు ముందు టీకాలు వేసేవాళ్ల వెంట తిరిగే చిన్న ఉద్యోగంలో చేరాడు. టీకా అంటే పారిపోయే జనాన్ని కూర్చోబెట్టి నిదానంగా నచ్చజెప్పడం చూసి పై డాక్టరొకాయన ఆయన్ని ఉపన్యాసాలకు మార్చాడు. ఒక మ్యాజిక్ లాంతరు, బొమ్మలు గీసిన గాజుపలకలు, తెల్లదుప్పటి ఇచ్చి పల్నాడు మీదికి పంపించారు. కలరా, మశూచి, చలిజ్వరం, నారికురుపు, ఈ నాలుగింటి మీదా మాట్లాడాలి. కొన్నాళ్లకు మిగతా మూడింటికీ వేరే మనుషులు వచ్చారు. నారికురుపు మాత్రం ఆయనకే మిగిలిపోయింది.

ఆ జబ్బు చూడని వాళ్లకు కాస్త చెప్పాలి. పాదం మీదో పిక్క మీదో బొబ్బ లేస్తుంది. నిప్పు పెట్టినట్టు మండుతుంది. పగిలాక అందులోంచి తెల్లని దారం లాంటిది తొంగిచూస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి, రోజుకు రెండంగుళాల చొప్పున నెలరోజుల పాటు లాగాలి. తొందరపడితే తెగుతుంది. తెగితే కాలు వాచి చీముపడుతుంది. సరిగ్గా ఏరువాక ముందు, దుక్కులకు మనిషి కావలసినప్పుడే, ఊళ్లో ఇంటికొకరు కాలు చాపుకుని మంచంలో ఉండేవారు. ఆ దారం మన ఒంట్లో నరమేనని, వేడిచేసి బయటపడిందని అందరూ నమ్మేవారు.

అది నరం కాదు, పురుగు అని మొహిద్దీన్ గారు చెప్పేవాడు. మా ప్రాంతపు బావులు నాపరాతిలో తవ్విన దిగుడుబావులు. ఆడవాళ్లు మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి బిందె ముంచుకుంటారు. కురుపున్న కాలు నీటికి తగలగానే పురుగు తన పిల్లల్ని వదులుతుంది. నీళ్లలో తిరిగే నలుసంత జీవాలు వాటిని మింగుతాయి. ఆ నీళ్లు తాగిన మనిషి ఒంట్లో పురుగు ఏడాది పెరిగి మళ్లీ కాలి దగ్గర బయటికొస్తుంది. మెట్లు మూసేసి గిలక పెట్టి తోడుకోండి, అందాకా నీళ్లు గుడ్డలో వడగట్టుకుని తాగండి. ఆయన చెప్పేదంతా ఇంతే.

ఆ రోజు ఊరంతా వచ్చింది. గోడకు కట్టిన దుప్పటి మీద బొమ్మలు పడుతుంటే నోళ్లు తెరుచుకుని చూశారు. అయిపోయాక అవే బొమ్మలు మళ్లీ వేయమన్నారు. ఆయన వేశాడు. మర్నాడు పొద్దున్న నేను బావి దగ్గరికి వెళ్లి చూస్తే, రాత్రి ముందు వరసలో కూర్చుని తలూపిన వాళ్లే మెట్లు దిగి నీళ్లు ముంచుకుంటున్నారు. ఆయన కూడా నా పక్కనే నిలబడి చూశాడు. ప్రతి ఊళ్లోనూ పొద్దున్నే ఇలా వచ్చి చూస్తారా అని అడిగాను. మొదటి రెండేళ్లూ చూసేవాణ్ణని, తర్వాత మానేశానని, ఈ రోజు బండి ఆలస్యమైంది కాబట్టి వచ్చానని చెప్పాడు.

అప్పటినుంచి ఏటా వచ్చేవాడు. ఊళ్లలో ఆయన్ని పురుగుల సాయిబు అనేవారు. అది వెక్కిరింతేమీ కాదు, గాజుల శెట్టి, ఉప్పు రామయ్య అన్నట్టే. ఏ మాటకు జనం నవ్వుతారో, ఏ బొమ్మకు ఆడవాళ్లు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటారో, చివర ఏ ప్రశ్న వస్తుందో ఆయనకు ముందే తెలుసు. మా తాతలు ఈ నీళ్లే తాగలా అని ఒకరు అడుగుతారు. మీ తాతలకు నారికురుపులు రాలేదా అని ఆయన అడుగుతాడు. వచ్చినయ్ అంటారు. అందరూ నవ్వుకుని లేచిపోతారు. మాట్లాడుతూ మాట్లాడుతూ తనకు తెలియకుండానే కునుకుపడుతోందని, నోరు మాత్రం ఆగడంలేదని ఒకసారి నాతో అన్నాడు.

యుద్ధం ముదిరాక కిరసనాయిలు కరువైంది. ఇళ్లల్లో బుడ్డిదీపానికే లేనప్పుడు లాంతరు బొమ్మలకు ఎక్కణ్ణుంచి వస్తుంది? లాంతరు, పలకల పెట్టెలు నరసరావుపేటలో ఆయన ఇంటి అటకెక్కాయి. ఆయన పగటిపూట ఒక గాజుగ్లాసు, ఒక భూతద్దం, నీళ్లు వడగట్టే నాలుగు మడతల మల్లుగుడ్డ సంచిలో వేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. బావినీళ్లు గ్లాసులో పోసి ఎండకు ఎత్తిపట్టుకుంటే తెల్లని నలుసులు ఎగిరెగిరి పడడం కనిపించేది. బొమ్మలు లేవనగానే జనం పలచబడ్డారు. చెట్టుకింద పదిమంది కూర్చుంటే ఎక్కువ.

1943 చైత్రంలో మా ఊరికి నడిచి వచ్చాడు. పెట్రోలు కరువులో బొగ్గుతో నడిపే బస్సు దారిలో ఆగిపోయింది, బండి దొరకలేదు. ఇంట్లో కాచి పోసుకున్న మరచెంబు నీళ్లు సగం దారిలోనే అయిపోయాయి. ఊరి మొదట్లో వెంకాయమ్మ గారిల్లు. ఊళ్లో ఆ కుటుంబానిది పెద్ద వ్యవసాయం. ఊరు తాగే దిగుడుబావిని తవ్వించింది ఆవిడ మామగారే. ఆయన పేరు చెక్కిన రాయి పై మెట్టు పక్కన ఉంది. భర్త పోయాక ఇంటి పెత్తనమంతా ఆవిడే చూసుకునేది. వసారాలో కూలబడిన మనిషిని చూసి, పనిమనిషిని పిలవకుండా తానే చెంబు తెచ్చింది. ఆ రోజుల్లో మా ఊళ్లో సాయిబులకు గ్లాసుతో ఇచ్చే అలవాటు లేదు. ఆయన వంగి దోసిలి పట్టాడు, ఆవిడ పైనుంచి పోసింది.

సంచిలో మల్లుగుడ్డ ఉంది. దోసిలి మీద పరుచుకుంటే సరిపోయేది. ఆ క్షణంలో అది గుర్తుకు రాకపోలేదని తర్వాత ఆయనే నాకు చెప్పాడు. మామగారు తవ్వించిన బావినీళ్లు, స్వయంగా తెచ్చి పోస్తున్న పెద్దావిడ, ఆవిడ ముందే గుడ్డ తీసి వడగట్టుకోవడానికి చేతులు రాలేదన్నాడు. గుటగుటా తాగాడు. ఇంకా కావాలా అంటే ఇంకో చెంబు కూడా తాగాడు. సాయంత్రం అదే బావి నీళ్లు గ్లాసులో పట్టి ఎప్పటిలాగే మాట్లాడి వెళ్లిపోయాడు.

మరుసటేడు చైత్రం చివర ఆయన ఎడమకాలి మీద, చీలమండకు జానెడు పైన బొబ్బ లేచింది. ఇంటి దగ్గర భార్య హజ్రా బీ మొదట తేలు కుట్టిందనుకుంది. ఆయనకు బొబ్బ లేవకముందే, దురదపెట్టినప్పుడే తెలిసిపోయింది. మూడోనాడు పగిలి తెల్లని కొస కనిపించగానే తానే వెదురుపుల్ల చీల్చి చుట్టుకున్నాడు. ఇన్నేళ్లుగా గాజుపలక మీద వేలుపెట్టి చూపించిన దాన్ని సొంత కాలిలో చూసుకుంటుంటే తనకు భయం కన్నా సిగ్గు ఎక్కువ వేసిందన్నాడు. ఏడాది మొత్తంలో కాచని, వడగట్టని నీళ్లు తాగింది ఆ ఒక్కపూటే.

సెలవు పెట్టి ఇంట్లో పడుకోమని హజ్రా బీ పోరింది. పురుగు సగమైనా బయటికి రాలేదు, బస్సు కుదుపులకు తెగితే ఏమవుతుందో ఊరూరా చెప్పే మనిషివి నువ్వే కదా అని అడిగింది. అన్ని ఊళ్లూ మానేస్తాను, ఒక్క తంగెళ్లపాడు వెళ్లొస్తాను అన్నాడు ఆయన. ఎందుకని అడిగితే ఒకటే మాట: వెళ్లవలసి ఉందంతే.

ఆ రోజు నేనూ, ఇంకొకరూ పట్టుకుని బండి దించాం. మోకాలి కింద గుడ్డచుట్టుతో, పుల్లను పిక్కకు కట్టుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. నిలబడి మాట్లాడలేనంటే స్కూలు వరండాలో బల్ల వేశాను. పురుగుల సాయిబుకే పురుగు వచ్చిందట అన్న మాట అప్పటికే ఊరంతా పాకింది. నాలుగేళ్ల కిందట లాంతరు బొమ్మలకు వచ్చినంత మంది వచ్చారు. కొందరు నవ్వుకుంటూనే వచ్చారు. వెంకాయమ్మ గారు, ఆవిడ కొడుకు లక్ష్మీనారాయణ ముందు వరసలో కూర్చున్నారు.

ఆయన ఎప్పటి ఉపన్యాసం మొదలుపెట్టలేదు. గుడ్డ విప్పి కాలు బల్ల మీద చాపాడు. ఖాళీ గాజుగ్లాసు కాలి కింద పట్టుకోమని నాకిచ్చి, చల్లని నీళ్లు కొద్దికొద్దిగా కురుపు మీద పోశాడు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఆ తెల్లని కొస నుంచి పాలచుక్కలాంటిది చిమ్మింది. గ్లాసులో నీళ్లు కలిసి బియ్యం కడుగు లాగా మసకబారాయి. ముందు వరసలో వాళ్లు లేచి వంగి చూశారు. మసకంతా పురుగు పిల్లలేనని, వేలకు వేలని ఆయన చెప్పాడు.

"నరమైతే పాలు చిమ్మదు గదా," అన్నాడు. గొంతు పెద్దగా లేవలేదు. "ఈ కాలు బావిలో పెడితే ఇవన్నీ బావిలో ఉంటయ్. నాకు ఇదంతా తెలుసు. ఏడేళ్ల నుంచీ ఊరూరా చెబుతూనే ఉన్నా. తెలిసి కూడా ఒకపూట వడగట్టకుండా తాగినా. తెలిస్తే చాలదు. అంతే నేను చెప్పేది."

ఎవరూ నవ్వలేదు. మా తాతలు తాగలా అని కూడా ఎవరూ అడగలేదు. వెంకాయమ్మ గారు అడిగింది, ఆ తాగింది ఏ ఊళ్లో అని. ఆయన కొంచెం తడుముకుని, చాలా ఊళ్లు తిరిగానమ్మా, ఫలానా అని చెప్పలేను అన్నాడు. జనం లేచిపోయారు.

ఎండ తగ్గాక బండి కట్టిద్దామని ఆయన్ని స్కూలు గదిలో పడుకోబెట్టాను. కళ్లు మూతపడకముందే వెంకాయమ్మ గారు ఒక్కతే వచ్చి గడప దగ్గర కూర్చుంది. ఆ మాటలు జరుగుతున్నప్పుడు నేనక్కడే ఉన్నాను.

"నిరుడు నా చేతి నీళ్లేగా సాయిబూ," అంది.

ఆయన లేచి కూర్చోబోతే వద్దంది.

"పురుగుందని తెలిసి ఎందుకు తాగినావు?"

"మీరు పోశారమ్మా. వడగట్టుకుంటే మీరు ఏమనుకుంటారో అని."

ఆవిడ కాలికి కట్టిన పుల్ల వంక చూసింది.

"నేనేమన్నా అనుకుంటానని నువ్వే తాగితివి. ఇంక మా ఊరోళ్లు నీ మాట వినలేదని ఏమని అంటావు? వాళ్లకీ అత్తలుండారు, మామలుండారు. మా మామ పేరున్న బావి మెట్లు మూయమని నా ముందు ఎవడంటాడు?"

ఆయన తన తప్పేనని ఒప్పుకున్నాడు. ఆవిడ లేచి, పోయేటప్పుడు పాలు పంపిస్తాను తాగి వెళ్లమని చెప్పింది. పంపించింది కూడా. ఇత్తడి గ్లాసులో పంపింది.

తిరుగుదారిలో పిడుగురాళ్ల దగ్గర బస్సు గుంతలో పడింది. ఎదుటి సీటు చెక్క ఆయన కాలికి తగిలి పురుగు తెగిపోయింది. ఇల్లు చేరేసరికి కాలు మోకాలి దాకా వాచింది. నరసరావుపేట ఆస్పత్రిలో రెండు నెలలున్నాడు. రెండుసార్లు కోసి చీము తీశారు. హజ్రా బీ అన్నం కూడా ఆస్పత్రి వరండాలోనే వండేది. చెప్పాను కదా అన్న మాట ఆమె ఒక్కసారి కూడా అనలేదని ఆయన తర్వాత నాతో అన్నాడు. అని ఉంటే కాస్త తేలికపడేవాణ్ణని కూడా అన్నాడు. బతికి బయటపడ్డాడు గాని మోకాలు పూర్తిగా చాపలేకపోయాడు. వంగిన కాలితో, కర్రతో ఇంటికొచ్చాడు.

ఇక్కడ ఊళ్లో వెంకాయమ్మ గారు బావి మాట ఎత్తింది. కొడుకు లక్ష్మీనారాయణ ఒప్పుకోలేదు. తాత తవ్వించిన బావికి తాళం వేశాడని నలుగురూ అంటారన్నాడు. మెట్లు దిగితే పిల్లలకు కూడా నీళ్లు అందుతాయని, చేద వేసి తోడడానికి ముసలివాళ్లకు రెక్కలెక్కడివని మిగతావాళ్లూ అన్నారు. ఏడాది గడిచింది. 1945 వేసవిలో లక్ష్మీనారాయణ భార్యకే రెండు కాళ్లకూ కురుపులు లేచాయి. అప్పుడు వెంకాయమ్మ గారు ఎవరినీ అడగకుండా సొంత పాలేళ్లను పెట్టి, నాపరాళ్లు తోలించి, మెట్లకు అడ్డంగా గోడ కట్టించింది. బావిలో నీళ్లన్నీ తోడించి సున్నం వేయించింది. పైన గట్టు కట్టి రెండు గిలకలు పెట్టించింది. మామగారి పేరున్న రాయిని ఊడదీయించి గట్టులో అమర్చింది. మొదటి నెలలో రెండుసార్లు ఎవరో గోడరాళ్లు పీకి పక్కన పడేశారు. రెండుసార్లూ ఆవిడ దగ్గరుండి పెట్టించింది. చేదతాడుకు చేతులు బొబ్బలెక్కాయని ఆడవాళ్లు ఆవిడ వినేటట్టే తిట్టుకున్నారు. ఒక వేసవి గడిచేసరికి తిట్లు తగ్గాయి.

ఆ బావి హరిజనవాడది కాదు. వాళ్లు ఊరవతల కుంటలో నీళ్లు తాగేవారు. కుంటకు గోడ కట్టలేం కదా. మొహిద్దీన్ గారు కాలు బాగా లేకపోయినా 1945లో ఒకసారి, 1946లో ఒకసారి వచ్చి అక్కడ కూర్చుని వడపోత గుడ్డ ఎలా కట్టాలో చూపించి వెళ్లాడు. చేలల్లో పనిచేసే మనిషి దాహమేసినప్పుడు గుడ్డ ఎక్కడ వెతుక్కుంటాడని వాళ్లు అడిగారు. ఆయనకు తన సంగతే గుర్తొచ్చింది. వాళ్లకూ ఒక బావి తవ్వించాలని నేను రెండు అర్జీలు రాసి పంపాను. నేను ఆ ఊరు విడిచేనాటికి బావి రాలేదు.

తిరుగుడు ఉద్యోగం వంగిన కాలితో సాగలేదు. 1947లో ఆయనే రాజీనామా రాసిచ్చి తండ్రి దుకాణంలో కూర్చున్నాడు. మాట్లాడే పని తప్పినందుకు ప్రాణం హాయిగా ఉందని నాకు ఉత్తరం రాశాడు. డబ్బా అతికితే అతుక్కుంటుంది, నచ్చజెప్పనక్కరలేదు అని రాశాడు.

1949లో నాకు నరసరావుపేట బదిలీ అయింది. వెళ్లిన వారంలోనే దుకాణం వెతుక్కుంటూ పోయాను. జుట్టు నెరిసిపోయింది. కొలిమి ముందు వంగిన కాలు పక్కకు పెట్టుకుని గరాటు అతుకుకు మాటు వేస్తున్నాడు. హజ్రా బీ లోపలినుంచి టీ పంపించింది. ఈ ఏడు తంగెళ్లపాడులో ఏరువాకకు నారికురుపుతో మంచం పట్టినవాళ్లు బావి వైపు ఇళ్లల్లో ఒక్కరూ లేరని చెప్పాను. వెంకాయమ్మ గారు మీకు చెప్పమన్నారని కూడా చెప్పాను. ఆయన పని ఆపి విన్నాడు. సంతోషిస్తాడనుకున్నాను. కుంట వైపు సంగతి అడిగాడు. నలుగురికి వచ్చిందన్నాను. ఆ నలుగురూ ఎవరని అడిగితే పేర్లు చెప్పాను. ముగ్గుర్ని ఆయన ఎరుగును.

"మీరొకసారి రావాలి," అన్నాను.

"నా వల్ల కాదు మాస్టారూ. చానా మాట్లాడినా. ఇంక నాలో ఏం లేదు."

నేను బలవంతపెట్టలేదు. పదిరోజుల తర్వాత ఆయనే కర్ర పొడుచుకుంటూ మా ఇంటికి వచ్చి, ఆదివారం వెళదామా అన్నాడు. గొట్టంలాంటి చిన్న రేకు గరాటులు ఇరవై చేసి తెచ్చాడు. ఒక్కోదాని మూతికీ మల్లుగుడ్డ బిగించి కట్టి ఉంది. మొలకు కట్టుకుని పొలానికి పోవచ్చు, కుంటలో ముంచి దాన్లోంచే పీల్చుకుని తాగొచ్చు. చేలో గుడ్డ ఎక్కడ వెతుక్కుంటామని వాళ్లు అడిగినప్పటినుంచీ అది తన బుర్రలో ఉందట.

ఆదివారం హరిజనవాడలో చాప మీద కూర్చుని పావుగంట మాట్లాడాడు. ముప్పైమంది ఉంటారు. మధ్యలో రెండుసార్లు మాట మరిచిపోయి ఆగాడు. గరాటులు పంచాక ఒక ముసలాయన, ఇది పగిలితే ఏం చేయాలని అడిగాడు. నాకు కబురు పెట్టండి, ఇంకోటి చేసి పంపిస్తాను అన్నాడు. ఎంతమంది వాడతారో ఆయన నన్ను అడగలేదు, నాకూ తెలియదు. దారిలో వెంకాయమ్మ గారింటి ముందు బండి ఆపితే, ఆవిడ గురజాల వెళ్లిందన్నారు.

బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. కాలు చాపుకోవడానికి ఎదుటి మనిషి జరిగి చోటిచ్చాడు. గురజాల పొలిమేర దాటకముందే ఆయన తల వాలిపోయింది. పిడుగురాళ్లలో బస్సు చాలాసేపు ఆగినా మెలకువ రాలేదు. నరసరావుపేటలో అందరూ దిగాక, భుజం తట్టి లేపాను.